అమ్మవారు అడిగిన గది

మా వరిగట్లపాలెంలో ఆడపడుచులకు జరిగే మర్యాద చుట్టుపక్కల మరే ఊళ్ళోనూ జరగదని ముందుగా మనవి చేస్తున్నాను. నిడదవోలు నుంచి వచ్చే దారిలో, ఊరి మొదట్లోనే, 'ఆడపడుచును గౌరవించే గ్రామానికి స్వాగతం' అని ఆర్చి కనబడుతుంది. దాని మీద ఎడమవైపు అమ్మవారు, కుడివైపు సారె కమిటీ ప్రెసిడెంటు గణేష్‌బాబు గారు ఉంటారు. స్థలం చాలక అమ్మవారిని కొంచెం చిన్నగా వేయవలసి వచ్చింది.

ఆడపడుచు అంటే ఎవరో అనుకునేరు. మా గ్రామదేవత గట్టు మహాలక్ష్మమ్మ తల్లి. కాలవగట్టు మీద వెలిసింది కాబట్టి ఆ పేరు. ఆవిడ మా ఊళ్ళో ఇంటింటికీ ఆడపడుచే. ప్రతి ఆషాఢంలోనూ ఆవిడను పుట్టింటికి తీసుకొచ్చి సారె పెడతాం. పుట్టిల్లంటే గుడి పక్కనున్న మండపం. గుడికీ మండపానికీ మధ్య గోడ ఒక్కటే. అయినా పుట్టింటికి రావడమన్నాక ప్రయాణం ఉండాలి కాబట్టి, ఉత్సవ విగ్రహాన్ని మేళతాళాలతో ఊరంతా తిప్పుతాం. పొద్దున్న బయల్దేరిన తల్లి సాయంత్రానికి గోడకు ఇవతలికి చేరుకుంటుంది.

ఈ మహత్తర కార్యక్రమానికి వ్యాఖ్యాతను నేను. మైకు నా చేతిలోనే ఉంటుంది. ఫ్లెక్సీల మీద మాటలూ, ప్రెసిడెంటు గారు ఆశువుగా చేసే ప్రసంగాలూ కూడా నేనే రాస్తాను. యుగంధర్ అనే కుర్రాడు అంతా ఫోన్‌లో లైవు పెడతాడు. గుడి వెనకే సెల్ టవరు ఉండటం వల్ల లైవు ఎక్కడా ఆగదు. జంగారెడ్డిగూడెంలో ఉంటున్న మా చెల్లెలు శ్రీదుర్గ ఏటా ఆ లైవు మొదటినుంచి చివరిదాకా చూసి, "అన్నయ్యా, నీ గొంతు అచ్చం నాన్న గొంతే" అని ఫోన్ చేస్తుంది.

కిందటేడు పక్క ఊరివాళ్ళు వాళ్ళ అమ్మవారికి అయిదు వందల రకాలతో సారె పెట్టారని తెలిసింది. మా కమిటీ అత్యవసరంగా సమావేశమై, మన ఆడపడుచు మరీ అంత చులకనైపోయిందా అని బాధపడి, వెయ్యి రకాలని తీర్మానించింది. పూతరేకులు, మడత కాజాలు, సున్నుండలు, అరిసెలు, జంతికలు, చలిమిడి, అన్నీ కలిపినా రెండు వందలు దాటలేదు. అప్పుడు గణేష్‌బాబు గారి మేధస్సు అక్కరకొచ్చింది. చిన్న లడ్డూ, పెద్ద లడ్డూ రెండు రకాలు. జీడిపప్పు కనబడే లడ్డూ, కనబడని లడ్డూ మరో రెండు. కోవాను రొయ్య ఆకారంలో చేస్తే అదొక రకం. అమ్మవారికి షుగర్ లేకపోయినా ముందుజాగ్రత్తగా షుగర్ లేని మిఠాయిలు పెట్టాం. చివరికి ఓఆర్ఎస్ పొట్లాంతో వెయ్యి పూర్తయింది. ఎండలో ఊరంతా తిరిగిన ఆడపిల్లకు అదొక్కటే పనికొచ్చే వస్తువని ఎవరో అన్నారు కానీ, ఆ మాట మినిట్సులో రాయలేదు.

అదే సంవత్సరం మండపం పక్కన అమ్మవారికి పవళింపు గది కూడా కట్టించాం. ఏసీ, డబుల్ కాట్ మంచం, నిలువుటద్దం, గీజరు ఉన్న స్నానాలగది. ప్రారంభోత్సవంలో గణేష్‌బాబు గారి కంఠం గద్గదమైంది.

"పుట్టింటికొచ్చిన ఆడపిల్లకి తలదాచుకోడానికి ఒక గది లేకపోతే ఆ పుట్టిల్లెందుకండీ? ఆ అన్నదమ్ములెందుకండీ?" అన్నారు. జనం కళ్ళు తుడుచుకున్నారు. రాసినవాణ్ని, నేనూ తుడుచుకున్నాను.

ఆ ప్రసంగం వింటూ మండపం స్తంభానికి ఆనుకుని నిలబడిన సూర్యకళ మాత్రం కళ్ళు తుడుచుకోలేదు. ఆవిడ గణేష్‌బాబు గారి సొంత చెల్లెలు. తణుకులో ఇచ్చారు. భర్తకు హార్డ్‌వేర్ దుకాణం. ఆయన ఈమధ్య ఇంటికి ఇంకొకావిడను తెచ్చుకోవడంతో, ఆ ఇంట్లో చోటు సరిపోక, సూర్యకళ ఒక సూట్‌కేసూ, ఒక కుట్టుమిషనూ పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. గణేష్‌బాబు గారు ఎంతో ఆప్యాయంగా ఆహ్వానించి, వారం రోజులుండి వెళ్ళమన్నారు. వారం అయిపోయి నెల అయింది. హాల్లో మడతమంచం మీద పడుకునేది. వచ్చేపోయేవాళ్ళ కోసం తెల్లారకుండానే మంచం మడిచేసేది.

ఆవిడ అడిగింది ఒక్కటే. నాన్న ఉన్నప్పుడు తను చదువుకున్న వెనక గది. ఇప్పుడందులో రొయ్యల మేత బస్తాలున్నాయి. "బస్తాలు షెడ్డులోకి మారిస్తే నేను శుభ్రం చేసుకుంటాను అన్నయ్యా. మిషను వేసుకుని నా తిండి నేను చూసుకుంటాను" అంది, నా ఎదురుగానే.

"సారె అయ్యాక మాట్లాడదాంలేమ్మా" అన్నారాయన. సారె అయ్యాక పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఆవిడను తణుకులో దింపి రావాలని అప్పటికే కమిటీలో అనధికారికంగా నిర్ణయమైంది. అందుకు కారు కూడా మాట్లాడారు.

ఇంతలో పూజారి తాతాజీ ఒక చిక్కు తెచ్చిపెట్టాడు. వెయ్యి రకాలూ విగ్రహం ముందు పేర్చేస్తే సరిపోదట. అమ్మవారి తరఫున ఊళ్ళో పుట్టిన ఆడపడుచు ఒకావిడ పీట మీద కూర్చుని సారె ఒడిలో పట్టాలట. "అక్కడ కూర్చున్నంతసేపూ ఆవిడే అమ్మవారండి. ఆవిడ అందుకుంటేనే అమ్మవారు అందుకున్నట్టు" అన్నాడు. వెంటనే ఇంటింటి నుంచీ సిఫార్సులు మొదలయ్యాయి. ఇంత గౌరవం బయటికి పోవడం ఇష్టంలేక గణేష్‌బాబు గారు తన చెల్లెలినే ప్రకటించారు. ముత్తయిదువ అయి ఉండాలి కదా అని ఎవరో నసిగారు. "మొగుడు తణుకులో నిక్షేపంలా ఉన్నాడు కదండీ" అన్నాడు తాతాజీ. అభ్యంతరం వీగిపోయింది. తణుకులో ఉన్న ఆ పెద్దమనిషి వల్ల సూర్యకళకు ఒరిగిన మేలు బహుశా అదొక్కటే.

సారె రోజు సూర్యకళకు పట్టుచీర కట్టి, కాళ్ళకు పసుపు రాసి, పీట మీద కూర్చోబెట్టారు. నిన్నటిదాకా "ఇంకా ఎన్నాళ్ళుంటుందిట?" అని ఆరా తీసిన ఇరుగుపొరుగంతా వరసకట్టి దణ్ణాలు పెట్టారు. గణేష్‌బాబు గారు వెండి పళ్ళెంలో చెల్లెలి కాళ్ళు కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుని, నేను రాసిచ్చిన మాటలు మైకులో చెప్పారు.

"తల్లీ, ఇది నీ పుట్టిల్లు. నువ్వెప్పుడైనా రావచ్చు. ఎన్నాళ్ళైనా ఉండొచ్చు. నీకేం కావాలో నోరు తెరిచి అడుగు. కాదనే హక్కు మాకు లేదు."

దీనికి అమ్మవారు తల ఊపాలి. తరవాత మేళం మోగాలి. రిహార్సల్సులో అలాగే జరిగింది. తల ఊపడం లైవులో బాగా కనబడాలని నేను మైకు పట్టుకుని ముందుకు వంగాను. నా చేతిలో మైకు ఆవిడ నోటికి జానెడు దూరంలో ఉంది.

"సరే అన్నయ్యా. అయితే వెనక గదిలో మేత బస్తాలు రేపు తీయించెయ్యి. నేనక్కడ ఉంటాను" అంది సూర్యకళ.

ఊరి నలుమూలలా కట్టిన స్పీకర్లలో ఆ మాట వినబడింది. మేళంవాళ్ళు అయోమయంలో పడి మంగళవాద్యం అందుకున్నారు. వెనక వరసలో ఆడవాళ్ళెవరో చప్పట్లు కొట్టారు. ఒక ముసలావిడ "తీయిస్తాడులే తల్లీ" అని దణ్ణం పెట్టింది.

ప్రసాదాల పంపిణీ అవుతుండగానే పవళింపు గదిలో, ఏసీ వేసుకుని, కమిటీ సమావేశమైంది. ఆ మాట అన్నది అమ్మవారా, సూర్యకళా అన్నది ప్రశ్న. సూర్యకళ అనుకుంటే సారె అమ్మవారికి అందనట్టే. మళ్ళీ వెయ్యి రకాలు చేయించాలి. చేసినవి అప్పటికే జనం సగం తినేశారు. అమ్మవారు అనుకుంటే బస్తాలు తీయించాలి. ఒక సభ్యుడు మధ్యేమార్గం చెప్పాడు. 'సరే అన్నయ్యా' వరకూ అన్నది అమ్మవారనీ, 'అయితే' దగ్గర్నుంచి సూర్యకళ అనీ. తెలివైన సూచనే. కానీ లైవు చూసినవాళ్ళలో పక్క ఊరివాళ్ళు కూడా ఉన్నారని యుగంధర్ చెప్పడంతో విరమించుకున్నాం. చివరికి గణేష్‌బాబు గారు లేచి, "అన్నది అమ్మవారే. మాట ఇచ్చాను. ఆ గది ఆవిడదే" అని ప్రకటించారు. చెల్లెలి కోసం ఇంత త్యాగమా అని నేను పొంగిపోయి, ఫ్లెక్సీకి మాటలు వెతుక్కోవడం మొదలెట్టాను.

మర్నాడే బస్తాలు షెడ్డులోకి వెళ్ళాయి. సూర్యకళ కొంగు బిగించి గది కడిగింది. కిటికీకి పట్టిన బూజు దులిపింది. కుట్టుమిషను వెలుతురు పడే వైపు జరిపి, దాని మీద గుడ్డ కప్పింది. ఆ నెల రోజుల్లో ఆవిడ నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. సాయంత్రం రంగులవాళ్ళు వచ్చారు. తరవాత టైల్సు వచ్చాయి. ఆ తరవాత అమ్మవారి నిలువెత్తు పటం, హుండీ వచ్చాయి. కుట్టుమిషను మళ్ళీ హాల్లోకి వచ్చింది.

"ఇదేంటన్నయ్యా?" అంది సూర్యకళ.

"అమ్మవారు మనింట్లో గది అడిగిందిగా. ఇచ్చాం" అన్నారు గణేష్‌బాబు గారు.

"అడిగింది నేను."

"నువ్వెక్కడ అడిగావమ్మా? అడిగింది అమ్మవారు. ఊరంతా విన్నారు."

పోనీ ఓ మూల పడుకుంటానంటే, అమ్మవారున్న గదిలో మనుషులు పడుకోకూడదని తాతాజీ చెప్పాడు. మరి పవళింపు గది ఖాళీగా ఉంది కదా అని సూర్యకళ అడిగింది. అది కూడా అమ్మవారిదే. ఒక్క ఆడపడుచుకు మా ఊళ్ళో రెండు గదులున్నాయి, రెంటి తాళాలూ ప్రెసిడెంటు గారి మొలతాడుకే ఉంటాయి.

సూర్యకళ తణుకు వెళ్ళలేదు. నిడదవోలులో స్టేషను దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని మిషను పెట్టుకుంది. వెళ్ళేరోజు కమిటీ తరఫున శాలువా కప్పుదామని వెళ్ళాం. పట్టుచీర మడిచి మడతమంచం మీద పెట్టి, అప్పటికే ఆటో ఎక్కేసింది. కుట్టుమిషను ఒరిగిపోకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. నాకు చాలా కష్టంగా అనిపించింది. అయితే వ్యాఖ్యాతకు సొంత అభిప్రాయాలు ఉండకూడదు కాబట్టి, శాలువా నేనే కప్పుకుని ఇంటికొచ్చేశాను.

ఈ ఏడాది మళ్ళీ ఆషాఢం వచ్చింది. పీట మీద కూర్చోవడానికి ఆడపడుచును పంపండని మైకులో పిలుపిచ్చాం. కిందటేడు సిఫార్సులు చేసినవాళ్ళంతా ఈసారి తమ చెల్లెళ్ళకు జ్వరాలని చెప్పారు. ఒకాయనైతే తనకసలు చెల్లెలే లేదన్నాడు. ఆవిడ పెళ్ళికి నేను భోంచేశాను. ఊళ్ళో ఇన్ని మేడలుండి, మైకు ముందు కూర్చోబెట్టదగ్గ ఆడపడుచు ఒక్కర్తీ దొరకలేదు.

చివరికి రాజమండ్రిలో బట్టల దుకాణాలకు బొమ్మలు తయారుచేసేవాళ్ళకు చెప్పి, ఫైబరు ఆడపడుచును చేయించాం. నవ్వుముఖం, చాచిన చేతులు. లోపల మోటారు ఉంది. స్విచ్చి వేస్తే తల ఊపుతుంది. నిలువుగానే, అడ్డంగా ఊపదు. శాస్త్రం ఒప్పుకుంటుందా అని తాతాజీని అడిగితే, "ఊళ్ళో పుట్టాలి, అంతేగా" అన్నాడు. అందుకని తలను మా ఊళ్ళోనే బిగించాం. గణేష్‌బాబు గారు బొమ్మ కాళ్ళు కడిగి, "తల్లీ, ఇది నీ పుట్టిల్లు. ఎన్నాళ్ళైనా ఉండొచ్చు" అన్నారు. బొమ్మ తల ఊపింది. మేళం సమయానికి మోగింది. ఇంత ప్రశాంతంగా సారె ఎప్పుడూ జరగలేదని అందరూ అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం మా శ్రీదుర్గ ఫోన్ చేసింది. గొంతు నాన్న గొంతులా ఉందని మాత్రం అనలేదు.

"అన్నయ్యా, ఆ పుట్టింటి మాటలు రాసింది నువ్వేగా?"

"నేనేనమ్మా" అన్నాను, కొంచెం గర్వంగానే.

"ఇక్కడ నా వల్ల కావట్లేదు. పిల్లని తీసుకుని వచ్చేద్దామనుకుంటున్నాను. మన మేడ మీద గది ఖాళీగానే ఉందా?"

"హలో" అన్నాను.

"వినబడుతోందా అన్నయ్యా?"

"హలో, హలో. సిగ్నల్ సరిగా లేదమ్మా" అని పెట్టేశాను.

కిటికీలోంచి చూస్తే గుడి వెనక టవరు నిక్షేపంగానే నిలబడి ఉంది. ఎందుకో మరి, మా ఊళ్ళో ఈమధ్య ఇలాంటప్పుడే సిగ్నల్ పోతోంది. మీ ఊళ్ళో ఎలా ఉందండీ?