ఐలవ్వ అరుగు మీద గీత

ఎండాకాలం సెలవులిచ్చి పట్టుమని పది రోజులు కాలేదు, హుస్నాబాద్ పాత బజారు వాడలో పిల్లలు పెద్దల ప్రాణాలు తోడేశారు. ముత్తయ్య కిరాణా కొట్టు పెంకుల మీదికి మామిడి టెంకలు విసిరారు. పర్శరాములు మగ్గం గుంటలో కోడిపిల్లలను దాచారు. లింగమూర్తి సారు మధ్యాహ్నం కునుకు తీసే వేళకు సరిగ్గా ఆయన కిటికీ కిందే బిళ్లా కర్రా పట్టి చిర్రగోనె ఆడారు. ఇక లాభం లేదని, ఆ రోజు పొద్దున సద్దన్నం తింటూ లింగమూర్తి ఒక నిర్ణయానికి వచ్చాడు.

"పిల్లల చేతులకు పని చెప్పాలె. ఆడినట్టుండాలె, నేర్చినట్టుండాలె" అన్నాడు భార్య సక్కుబాయితో.

"మీరు పండుకున్నట్టు గూడ ఉండాలె" అంది సక్కుబాయి.

నయా పైసలు వచ్చి మూడేళ్లయింది. ఇప్పుడు గజాలు పోయి మీటర్లు వస్తున్నాయి. బడిలో ఒకటే మీటరు కట్టె ఉండేది గాని, హెడ్మాస్టరు దాన్ని కొలవడానికన్నా కొట్టడానికే ఎక్కువ వాడేవాడు. మీటరంటే ఎంతో పిల్లల వీపులకు తెలుసు, బుర్రలకు తెలియదు. అందుకని లింగమూర్తి వెదురు బద్దలు మూడు కోసి, కాల్చిన మేకుతో కొలతలు పెట్టి, పన్నెండు మంది పిల్లలను పోగేసి పాఠం చెప్పాడు. కొత్త కొలతలు సర్కారు తెచ్చింది. వాటితో మన వాడ పటం గీద్దాం. వాడ నడుమ తాడు లాగండి. తాడుకు ఇటు మూడు మీటర్లు, అటు మూడు మీటర్లు కొలిచి సున్నంతో గీతలు గీయండి. ఎవరి ఇల్లు గీతకు ఎంత దూరంలో ఉందో పుస్తకంలో రాసుకోండి.

పిల్లల దండుకు పెద్ద రాజమణి. లింగమూర్తి కూతురు, పదకొండేళ్లది, తండ్రికన్నా కచ్చితమైన మనిషి. గంట తిరక్కుండానే పరుగెత్తుకొచ్చింది.

"బాపూ, గీత అరుగుల మీద పడుతున్నది. ఏం జెయ్యాలె?"

లోపల చల్లటి గచ్చు మీద వెల్లకిలా పడుకున్న లింగమూర్తి కళ్లు తెరవలేదు. "గీత గీతే బిడ్డా. దేని మీద పడితే దాని మీదనే గియ్యుండ్రి" అన్నాడు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ వాడ పుట్టిన నాటి నుంచి తిన్నగా లేదు. ఎవరికి తోచినంత వాళ్లు ముందుకు జరిగారు. ఒకరు అరుగు కట్టారు, ఇంకొకరు పందిరి వేశారు, మరొకరు కోళ్ల గూడు పెట్టారు. వాడ ఎన్ని వంకర్లు తిరిగినా తాడు మాత్రం తిన్నగానే పోతుంది కదా.

లింగమూర్తి తొమ్మిదేళ్లుగా ఐలవ్వ ఇంట్లో రెండు గదుల్లో ఉంటున్నాడు. ఐలవ్వకు పిల్లల్లేరు. ఇంటి ముందరి అరుగును పెళ్లయిన ఏడాది ఆమె పెనిమిటి తన చేతులతో కట్టాడు. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది. మోకాళ్లు పట్టేసిన నాటి నుంచి ఐలవ్వ పొద్దున ఆ అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు లేచేది. తాను ఎక్కడికీ పోలేకపోయేది గనుక వాడే ఆమె దగ్గరికి వచ్చేది. నీళ్ల బిందె దించుకునేవాళ్లు, నేత బట్టల మూట ఆనించేవాళ్లు, అత్త మీద కోపం వచ్చినవాళ్లు, అందరూ అక్కడ కాసేపు కూర్చునేవాళ్లు. ఐలవ్వకు లోకమంటే ఆ అరుగే.

గీత ఆ అరుగు నడిమి నుంచి పోయింది. రాజమణి సున్నపు కుంచె పట్టుకుని రాగానే ఐలవ్వ అడ్డం లేకుండా కాళ్లు పైకి తీసుకుంది.

"గియ్యి బిడ్డా, వంకర పోకుండ మంచిగ గియ్యి" అంది.

తర్వాత గీత ముత్తయ్య కొట్టు ముందరి చెక్కల మీదికి ఎక్కింది. ఆ చెక్కల మీదనే ఆయన బెల్లం, చింతపండు పేర్చి అమ్ముతాడు. ఆ చెక్కల కిందనే వాడ మురుగు పారే మోరీ ఉంటుంది.

"ఏందే పిల్లా ఇది?" అన్నాడు ముత్తయ్య.

"కొత్త కొలత. గీత దాటి ఎవ్వలెంత ముందుకొచ్చిండ్రో రాసుకుంటున్నం. మీరు మీటరు మీద నలభై సెంటీమీటర్లు ముందుకున్నరు."

"ఎవ్వలు రాయమన్నరు?"

"సారు."

"సారుకెవ్వలు చెప్పిండ్రు?"

రాజమణి కాసేపు ఆలోచించింది. పొద్దున పాఠం గుర్తొచ్చింది. "సర్కారు" అంది.

ఆ పిల్ల ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. కానీ ముత్తయ్య గుండె జారిపోయింది.

ఈ ముత్తయ్య మామూలుగా లింగమూర్తిని "ఏం పంతులూ" అని పిలుస్తాడు. కొట్టుకు పోతే అందరి బేరాలూ అయ్యేదాకా నిలబెడతాడు. అలాంటివాడు ఆ రోజు భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకుని, గంపెడు మామిడిపండ్లతో వచ్చాడు.

"సారూ, మీరు జర దయ చూడాలె. నా చెక్కల మీద గీత పడ్డది."

ఇక్కడే లింగమూర్తి నవ్వేసి "అది పిల్లల ఆటనయ్యా" అనాల్సింది. మూడే మూడు మాటలు. కానీ పద్నాలుగేళ్ల నౌకరీలో ఆయనను ఎవరూ ఏదీ అడుక్కోలేదు. ముత్తయ్య నోట "మీరు" అన్న మాట వినడం అదే మొదలు. ఆ మూడు మాటలు గొంతులోనే ఉండిపోయాయి.

"చూద్దాం" అన్నాడు లింగమూర్తి.

ఆ "చూద్దాం" ఎండలో అగ్గిలా వాడంతా అంటుకుంది. ఏమీ లేకపోతే సారు చూద్దామని ఎందుకంటాడు? ఉంది కాబట్టే అన్నాడు. మధ్యాహ్నానికి పర్శరాములు తాటిముంజలు తెచ్చాడు. ఆయన ఎదురింటి హనుమండ్లు కోడిపుంజును తెచ్చాడు. ఇద్దరికీ లింగమూర్తి అదే మాట చెప్పాడు. చెప్పిన కొద్దీ ఆ మాట చెప్పడం ఆయనకు బాగా వచ్చేసింది.

అంతటితో ఆగినా బాగుండేది. హనుమండ్లు ఇంటికిపోయి సున్నం కలిపి, తన వైపు గీతను తుడిచేసి, పర్శరాములు వైపు ఇంకో జానెడు లోపలికి గీశాడు. అది చూసి పర్శరాములు హనుమండ్లు కోళ్ల గూడు నడుమ నుంచి ఒకటి గీశాడు. ఈ ఉపాయం మిగతావాళ్లకూ నచ్చింది. పిల్లలు గీసినవి రెండు గీతలు. పొద్దు వాలే సరికి వాడలో పదిహేడు గీతలున్నాయి.

"బాపూ, ఏ గీత మనదో సమజైత లేదు. పటం అంత కరాబైంది" అని రాజమణి ఏడుపు మొహంతో వచ్చింది.

"జనం పరేషాన్ అయితున్నరు. అసొంటిదేం లేదని చెప్పరాదుండ్రి" అంది సక్కుబాయి.

"రేపు పొద్దున అందరిని పిలిచి చెప్త. గీ ఒక్క పూట ఉండనియ్యి" అన్నాడు లింగమూర్తి. అప్పటికి ఆయన నోట్లో ముంజ ఉంది.

చల్లబడ్డాక ఇంటి ముందు మంచం వాల్చుకుని కూర్చున్నాడు. ముత్తయ్య, పర్శరాములు, హనుమండ్లు ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. అరుగు మీది నుంచి ఐలవ్వ మెల్లగా అడిగింది.

"లింగమూర్తీ, గీత దాటినయన్ని పోతయంటున్నరు. నాది గూడ పోతదా బిడ్డా?"

ముగ్గురి చెవులూ అటే తిరిగాయి. ఐలవ్వ అరుగు పోదంటే ఎవరిదీ పోదని చెప్పాలి. చెబుదామంటే మామిడిపండ్లు సగం అయిపోయాయి, కోడి పొయ్యి మీద ఉడుకుతోంది. లింగమూర్తి గొంతు సవరించుకున్నాడు.

"కొలత ఎవ్వలకైన ఒక్కటే అవ్వా."

ఆ మాట ఆయన చెవులకే ఎంతో గొప్పగా వినిపించింది. ముత్తయ్య తల ఊపి "అబ్బ, న్యాయం" అన్నాడు. ఐలవ్వ మాత్రం అరుగు అంచును అరచేత్తో కాసేపు నిమిరి, "సరే బిడ్డా" అని గోడ పట్టుకుని లోపలికి పోయింది.

తెల్లవారగానే అందరికీ ఏం చెప్పాలో లింగమూర్తి మనసులో కూర్చుకుని పెట్టుకున్నాడు. కానీ ఆయనకు మెలకువ వచ్చింది గడ్డపార చప్పుడుకు. బయటికి ఉరికి చూస్తే ఐలవ్వ ఇద్దరు మనుషులను పిలిపించి అరుగు తవ్విస్తోంది. అప్పటికి తవ్వడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

"అవ్వా! ఆపు, ఆపు! ఏందిది?"

"సగం ఉంచితె నిలవదట బిడ్డా. మొత్తం తియ్యుమన్న."

చెంబులు పట్టుకుని వాడ జనం పోగయ్యారు. ఎవరో అన్నారు, "కన్నతల్లి లెక్క చూసుకునే ముసల్దాని అరుగే ఉంచలే. ఇగ మనయి ఉంచుతడా?" ఆ మాటతో ఆశ పూర్తిగా తెగిపోయింది. సర్కారు మనుషులు వచ్చి కూలగొడితే దూలాలు, చెక్కలు కూడా దక్కవని, మనమే తీసుకుంటే కట్టెలన్నా మిగులుతాయని ఇంటింటి నుంచి గడ్డపారలు బయటికి వచ్చాయి.

లింగమూర్తి వాడ ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తాడు. "అయ్యా, అది పిల్లల ఆట! సర్కారు లేదు, ఏం లేదు!" అని మొత్తుకున్నాడు.

పర్శరాములు గడ్డపార ఆపి ఎగాదిగా చూశాడు. "నిన్న చూద్దామంటిరి. ఇయ్యాల ఆటంటున్నరు. హనుమండ్లు రాత్రికి రాత్రి ఇంకేం తెచ్చిచ్చిండు సారూ?" అని ఇంకా గట్టిగా పొడిచాడు.

ముత్తయ్య ఆఖరి చెక్క ఊడబెరికి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "సర్కారు పనైతె సర్కారు పనే, నాకు ఫికర్ లేదు. ఆటనే అయితె మాత్రం చెప్పు పంతులూ. చెక్క చేతిలనే ఉన్నది" అన్నాడు.

లింగమూర్తి వెనక్కి తిరిగి ఇంటి దారి పట్టాడు.

నాలుగు రోజుల తర్వాత ఆ వాడలోకి మొట్టమొదటిసారి జీపు వచ్చింది. వాడ తనంతట తానే వెడల్పయిందన్న కబురు విని వచ్చిన పంచాయతీ సమితి ఆఫీసరు అందులో నుంచి దిగాడు. ఈ వాడ వెడల్పు చేయాలన్న కాగితం ఆరేళ్లుగా ఆఫీసులో పడి ఉందట. నోటీసు లేదు, పోలీసులు లేరు, ఒక్క గొడవైనా లేకుండా పని ఎలా జరిగిందో ఆయనకు అంతు పట్టలేదు. రాజమణి మళ్లీ కొలిచి తిన్నగా గీసిన పటం చూసి మురిసిపోయాడు. ఇక మీదట ఇదే ప్లాను, ఈ గీత దాటి ఎవరూ ఇటుక పెట్టరాదు అని చెప్పి, సంతకం చేసి, పటాన్ని చుట్టి చంకలో పెట్టుకున్నాడు. లింగమూర్తి మెడలో బంతిపూల దండ వేయించాడు.

"చూసిండ్రా, సర్కారు పనే! సారు అబద్ధమాడుతడా?" అని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ముత్తయ్యే. ఆట నిజమైపోయింది. ఇప్పుడు నిజం చెబితే నమ్మేవాళ్లు లేరు. లింగమూర్తి దండ కింద తల ఎత్తలేకపోయాడు.

ఆ సాయంత్రం వాడ విశాలంగా, శుభ్రంగా, బోసిగా ఉంది. బండ్లు రివ్వున పోతున్నాయి. బిందె దించుకునే చోటు లేక ఆడవాళ్లు ఆగకుండా పోయారు. ఐలవ్వ గడప లోపల గోనెపట్టా మీద కూర్చుని, తల బయటికి పెట్టి, పోయేవాళ్లను చూస్తోంది. పోయేవాళ్లు ఆమెను చూడలేదు. అది చూసి లింగమూర్తి లేచాడు. పోయి గడప ముందు కింద కూర్చున్నాడు.

"అవ్వా, తప్పైంది. అది సర్కారు కొలత గాదు. పిల్లలు ఆడుకున్న ఆట."

"ఎరికే" అంది ఐలవ్వ.

"ఎప్పుడెరిక?"

"ఆ రాత్రే, అరుగు తియ్యకముందే. నీ బిడ్డ నా దగ్గర పండుకుని అంత చెప్పింది. పటం కరాబైందని ఏడ్సింది గూడ."

"మరి ఎందుకు తీయించినవే అవ్వా!"

"నలుగురి ముంగట అంటివి గద బిడ్డా, కొలత ఎవ్వలకైన ఒక్కటేనని. నువ్వు ఊకనే అంటవా? వాడ తిన్నగ గావాలని నీ మనసుల ఉన్నదనుకున్న. తెల్లారి నా అరుగొక్కటి నిలిస్తె నీ మాటకేం ఇజ్జత్ ఉంటది? నిన్ను నా కొడుకంటరు వాడల. కొడుకు మాట తల్లి నిలపకపోతె ఎవ్వలు నిలుపుతరు?"

అని, ఎప్పటి అలవాటు చొప్పున అరుగు అంచును నిమరబోయి, చెయ్యి గాలిలో ఆగిపోతే, మెల్లగా ఒళ్లోకి తీసుకుంది.

లింగమూర్తి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మాట వెనక తన మనసులో వాడా లేదు, న్యాయమూ లేదు, ఒక గంప మామిడిపండ్లు, ముత్తయ్య అన్న "మీరు" తప్ప ఇంకేమీ లేదని చెబుదామనుకున్నాడు. కానీ ఐలవ్వ ఆయన మొహంలోకి ఎంతో గర్వంగా చూస్తోంది. ఆ మాత్రం సంతోషం కూడా ఆమె దగ్గర నుంచి లాక్కోవడానికి నోరు రాలేదు. చీకటి పడేదాకా అక్కడే మన్నులో కూర్చున్నాడు.

మరుసటి ఏడు సెలవుల్లో లింగమూర్తి సారు పిల్లలకు పాటలు నేర్పాడు.