ఏడు బాతుల మేత చీటి

సర్కారు అనుమతి లేకుండా పెరిగే హక్కు భూమ్మీద ఏ ఆకుకూ లేదు. పెరిగినా, కోసే హక్కు ఎవరికీ లేదు. ఈ మహత్తర సూత్రాన్ని 2006లో బోధన్‌లోని జలతృణ కోత నియంత్రణ విభాగం లోకానికి ప్రసాదించింది. (విభాగమంటే రెండు కుర్చీలు, ఒక ఫ్యాను. ఫ్యాను కూడా డిప్యుటేషన్ మీద వచ్చిందే.)

గొడవకు మూలం నువ్వుగింజంత ఆకు. నీళ్ళ మీద తేలుతూ రెండు రోజులకు రెట్టింపవుతుంది. సోమవారం గంపెడుంటే బుధవారం రెండు గంపలు. పక్షం తిరిగేసరికి కుంట ఎక్కడుందో వెతుక్కోవాలి. కాలేజీలో బాటనీ చెప్పే వాజిదా మేడం దీని జన్యువుల రాత చదివి, ప్రొటీన్ల సంగతి తేల్చి, పీహెచ్‌డీ ముగించాలనుకుంది. జన్యువులకు ఒక అధ్యాయం, ప్రొటీన్లకు ఒకటి. హైదరాబాదు ల్యాబులో మిషను మీద ఆమె వంతు ఏడాదికి ఒకే రోజు, ఈసారి అది వచ్చే పదిహేనో తారీఖు. కావలసింది కోటగిరి కాలువ పక్క కుంటలోంచి పిడికెడు ఆకు. అనుమతి పత్రం లేని ఆకును గడప దాటనియ్యమని ల్యాబువాళ్ళు ముందే రాశారు.

అధికారి రాజలింగు గారు అంతకుముందు ఇరవయ్యేళ్ళు చెరుకు కోత పర్మిట్లు రాసినాయన. కుర్చీ మారింది గాని ఫారం మారలేదు.

"ఏ రకం చెరుకు మేడం?"

"సార్, ఇది చెరుకు కాదు."

"కాదని సర్టిఫికెట్ ఉన్నదా?"

"చూస్తే తెలుస్తది కదా సార్!"

"చూసుడు ఇన్‌స్పెక్టర్ పని. నాది రాసుడు. తోట వయసెంత?"

"నిన్న పుట్టింది."

రాజలింగు గారు కలం కింద పెట్టారు. "పది నెలలు నిండంది కోత ఆర్డర్ ఇయ్యరాదు."

"అన్ని నెలలు ఇది బతకదు సార్."

"గట్లయితే సచ్చినంక రాండ్రి. ఎండిన తోట కింద రాద్దాం."

(ఆర్డర్ లేనిదే ఎవరూ కోతలు కోయరాదన్నది ఏడో నిబంధన. ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళకు సడలింపు ఉంది.)

పన్నెండో తారీఖున వాజిదా కుంట గట్టు మీద దిగులుగా నిలబడింది. ఎదురుగా బాతులు సాకే పెంటవ్వ మోకాలి లోతు నీళ్ళలో దిగి, అదే ఆకును గంపలకు గంపలు ఎత్తుతోంది.

"అవ్వా, నీకు ఆర్డర్ ఎవరిచ్చిండ్రు?"

"ఏం ఆర్డర్ బిడ్డా? బాతుల మేత గిది. ఎన్ని బాతులో చెప్పిన, రాజలింగు సారు నిలబడ్డకాడనే చీటి రాసిచ్చిండు."

ఆ ఆఫీసులో పొద్దంతా బాతాఖానీ నడుస్తుందని ఊరంతా చెప్పుకునేది. అది నిజంగానే బాతుల ఖానా చూసే విభాగమని వాజిదాకు అప్పుడే తెలిసింది. మధ్యాహ్నానికల్లా మళ్ళీ రాజలింగు గారి ముందుంది.

"మేత కోసం సార్."

"ముందుగాల్నే చెప్పొద్దా మేడం! సైన్సంటిరి, బుగులైంది. ఎన్ని బాతులు?"

ల్యాబులో ఎంతమంది ఉంటారో ఆమె మనసులో లెక్కపెట్టుకుంది. "ఏడు."

"యాడుంటయి?"

"హైదరాబాదుల."

"పట్నం బాతులా! పెద్దదాని పేరు?"

"ప్రొఫెసర్."

"మంచి పేరు," అని రాజలింగు గారు రాసుకున్నారు.

ఐదు నిమిషాల్లో సంతకం, ముద్ర. పదిహేనున ఆకు మిషనెక్కింది. జన్యువుల రాత చదవడమైంది, మొదటి అధ్యాయం భేష్ అన్నారు. (మొక్క పని మొక్కుబడిగా చేయలేదని ప్రత్యేక ప్రశంస.)

మిగిలింది ప్రొటీన్లు. వాటికి తాజా ఆకు కావాలి. మరుసటి ఏడాది మిషను వంతుకు పది రోజులుందనగా వాజిదా, కారణం గడిలో 'ప్రొటీన్ల కోసం' అని రాసి, చీటి రెన్యువల్‌కు పెట్టింది. యూనివర్సిటీ గడువుకు అదే ఆఖరి వంతు. రెన్యువలంటే తనిఖీ తప్పదు కనుక రాజలింగు గారు స్వయంగా హైదరాబాదు వెళ్ళి, ల్యాబులో ఏడుగురినీ సాయంత్రం దాకా శ్రద్ధగా పరిశీలించి, తిరిగొచ్చి నివేదిక సమర్పించారు:

"సదరు ఏడు బాతులు ఏడాది పొడుగునా మేత మేసి ఒక్క గుడ్డు కూడా పెట్టియుండలేదు. కావున ఈ ఆకులో ప్రొటీన్లు లేవని నిర్ధారించడమైనది. పరిశోధన పూర్తయినట్టుగా భావించవలెను."