నొప్పి తెలియని వరం

షుగర్ రానివాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. యాభై దాటినా రక్తంలో చక్కెర పెరగలేదంటే, వాళ్ళు జీవితంలో ఏం సాధించినట్టు?

నన్నే చూడండి. తమిళనాడులో ధర్మపురి దగ్గర మహేంద్రమంగళంలో వేరుశనగ పండించే రైతును. ఏ పెళ్ళికి వెళ్ళినా పలకరించే దిక్కుండేది కాదు. షుగర్ వచ్చింది, దశ తిరిగింది! ఇప్పుడు మా ఊళ్ళో సెల్‌ఫోన్ ఉన్నవాళ్ళకన్నా షుగర్ ఉన్నవాళ్ళకే మర్యాద ఎక్కువ. మొన్న మా మేనల్లుడు చిన్నసామి తన కూతురి పెళ్ళిలో పందిరంతా వినబడేలా అరిచాడు.

"మామా! మీకని చక్కెర లేకుండా కాఫీ పెట్టించినాను!"

వందమంది నావైపు తిరిగారు. ఆ కాఫీ గంభీరంగా తాగాను. కాఫీలో చక్కెర మానినందుకు భోజనంలో రెండు లడ్డూలు, కాస్త పాయసం పుచ్చుకున్నాను. న్యాయమే కదా?

అన్నం తగ్గించమన్నారు డాక్టరు. పూర్తిగా మానేశాను! రాగిసంగటి షుగర్‌కు మంచిదని మా వైపు అందరూ అంటారు. మంచిదన్నాక ఒక్క ముద్దతో ఆపడం ఏం మర్యాద? పూటకు మూడు ముద్దలు. ఇక మామిడిపళ్ళంటారా, అవి మా తోటవే. సొంత చెట్టు మనకు ద్రోహం చేస్తుందా?

ఇంత తిన్నా పరీక్షలో ఒక్కసారీ తప్పలేదు. ధర్మపురి ఆస్పత్రికి వెళ్ళడానికి రెండు రోజుల ముందు నుంచి నేను ఋషిని. కాకరకాయ, మజ్జిగ, పాలక్కోడు రోడ్డు మీద నడక. ఆ రెండు రోజులూ మాత్రలు కూడా మరిచిపోకుండా వేసుకుంటాను. రిపోర్టు చూసి డాక్టరు "గుడ్, గుడ్" అంటారు. ఆ సంతోషంలో బస్టాండు దగ్గర జిలేబీ తిని ఊరికి వస్తాను. పరీక్ష ముందు చదివి పాసైనవాణ్ణి ఎవరైనా తప్పుపడతారా?

అన్నిటికన్నా పెద్ద వరం కాళ్ళది. నలభై ఏళ్ళు చేనులో ముల్లు గుచ్చుకుంటే కేకలు పెట్టినవాణ్ణి. రెండేళ్ళుగా ఏ ముల్లూ నన్నేమీ చేయలేకపోతోంది! ఈ ఏడు మారెమ్మ జాతరలో మొక్కుకుని నిప్పుల గుండం తొక్కాను. కుర్రవాళ్ళు పరుగులు పెట్టారు. నేను సంతకు పోతున్నట్టు నడిచాను. మధ్యలో నిలబడి అమ్మవారికి దండం కూడా పెట్టాను.

అమ్మ కరుణ అంటే ఇదేనని జనం వరసగా వచ్చి నా కాళ్ళకు మొక్కారు. మొక్కినవాళ్ళంతా లేచారు. పసుపునీళ్ళతో కాళ్ళు కడగడానికి వంగిన నా భార్య గౌరమ్మ మాత్రం లేవలేదు.

"అరికాలంతా కాలిపోయిండాది. మీకు తెలియలేదా?"

"తెలియలేదు" అన్నాను గర్వంగా.

ఆమె ఏడవడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

మర్నాడు ఆస్పత్రిలో ఎవరూ పాత రిపోర్టు అడగలేదు. కాలికి కట్టు కట్టాక, నర్సమ్మ నన్ను కళ్ళు మూసుకోమంది. అంతగా కాలని రెండో పాదాన్ని ముట్టుకుంటానని, తెలిసినప్పుడల్లా చెప్పమని అంది. ఈ పరీక్షకు రెండు రోజుల ముందు చదివే వీలెక్కడుంది? అయినా తప్పకూడదని, ఊపిరి బిగబట్టి ఎదురుచూశాను. ఎంతసేపటికీ ఏమీ జరగలేదు. విసుగొచ్చి కళ్ళు తెరిచాను. నర్సమ్మ ఏదో రాసుకుంటోంది.

"ఇంకా మొదలుపెట్టలేదా?" అని గౌరమ్మను అడిగాను.

ఆమె నా పాదం వైపే చూస్తోంది.

"పదిసార్లు ముట్టినారు" అంది.