పందొమ్మిది చుక్కలు

తెల్లవారగానే తులసమ్మ తన కూతురి సంచీ సర్దడం మొదలుపెట్టింది. కల్యాణి నూజివీడులోని పుట్టింటికి వచ్చి పదిహేను రోజులైంది. ఆ పూట బస్సుకి హనుమాన్ జంక్షన్‌లోని అత్తవారింటికి వెళ్ళాలి. చీరల మధ్య మాగాయ జాడీ ఇరికిస్తుంటే పోస్టుమాన్ అల్లుడు తిరుపతిరావు రాసిన కార్డు తెచ్చాడు. "అమ్మకు మొన్న జ్వరం వచ్చింది" అని ఒక వరస, ఆ వరస చివరిదాకా చుక్కలు. కింద "కల్యాణిని వెంటనే పంపండి" అని ఉంది.

తులసమ్మ బడికి వెళ్ళలేదు. వారపత్రికల సీరియళ్ళు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకుంది. మనిషి పోయిన సంగతి రాయలేక గొంతు పూడుకుపోతే మూడు చుక్కలు పెడతారని ఆమెకు తెలుసు. ఇక్కడ లెక్కపెట్టింది. పందొమ్మిది.

"మీ అత్తగారు పోయిందే," అంది.

"జ్వరమనేగా రాశారు!"

"జ్వరానికైతే ఒక్క చుక్క చాలదుటే?"

పెళ్ళిలో విడిదికి కాఫీ ఆలస్యమైందని అలిగిన వియ్యపురాలు అమృతమ్మతో తులసమ్మకు మూడేళ్ళుగా మాటల్లేవు. కాఫీపొడి డబ్బా అటకమీద దాచి మర్చిపోయింది తులసమ్మే. తప్పు వంటవాడి మీదికి నెట్టింది. భర్తనీ, అక్కనీ కూడా చెప్పాల్సినవి చెప్పకుండానే సాగనంపింది. ఇప్పుడు ఈవిడ.

కూతురి జడలో పూలు తీయించి, తనూ బస్సెక్కింది. ఆమె ఏడుపు విని కండక్టరు సీటిప్పించాడు. సంగతి విన్న మామిడికాయల వర్తకుడొకాయన జంక్షన్‌లో దిగగానే దండ కొన్నాడు. లారీకి కాయలెత్తుతున్నవాళ్ళు పని ఆపి వెంట నడిచారు. ఇల్లు చేరేసరికి పద్నాలుగుమంది.

వసారాలో మంచమ్మీద, నిండా దుప్పటి. తులసమ్మ కాళ్ళమీద పడి, వంటవాడి తప్పు లేదని, డబ్బా ఎక్కడుందో ఊరంతా వినేలా చెప్పి ఏడ్చింది.

దుప్పటి కదిలింది.

"అటకమీద ఉందా వదినగారూ?" అంది అమృతమ్మ.

దండ తెచ్చినాయన దాన్ని వెనక దాచుకున్నాడు. మామిడికాయల మండీలో లెక్కలు రాసే అల్లుడు నెత్తి పట్టుకున్నాడు. ఖాళీ వదిలితే ఎవరైనా రెండు బుట్టలు కలిపి రాసేస్తారని మండీ చీటీల్లో వరస చివరిదాకా చుక్కలు పెడతాడట. చెయ్యి కార్డులో కూడా ఊరుకోలేదు.

అమృతమ్మ లేచి కూర్చుంది. జ్వరం నిన్ననే తగ్గిందిట. "నేను నిజంగా పోయినా మావాడు ఇంత బాగా ఏడవడు," అంటూ దండ అడిగి పుచ్చుకుని దేవుడి పటానికి వేయించింది. తులసమ్మని భోంచేసి వెళ్ళమంది. భోజనమయ్యాక ఇద్దరూ మూడేళ్ళ కబుర్లు మొదలుపెట్టారు. కల్యాణి సాయంత్రం బస్సు టైము రెండుసార్లు గుర్తుచేసి ఊరుకుంది.

1961 మే నెలలో, ఒక్కపూట పరామర్శకని బస్సెక్కిన తులసమ్మ వియ్యపురాలి దగ్గరే ఉండిపోయింది, మళ్ళీ నూజివీడు రాలేదు.