థాకర్ గారి గ్రిల్లు

ఆ శనివారం పొద్దున వెండెల్ ప్రూయిట్ పెట్టుకున్న పని ఒక్కటే: గడ్డి కోసే మిషన్‌కి పెట్రోల్ తేవడం. అరగంటలో వస్తానని భార్య నడీన్‌తో చెప్పి వెళ్లినవాడు మూడు గంటల తర్వాత వచ్చాడు. ట్రక్కులో పెట్రోల్ డబ్బా లేదు. దాని బదులు పెళ్లికూతురిలా దుప్పటి కప్పుకుని, ఆరుబయట మాంసం కాల్చుకునే గ్యాస్ గ్రిల్లు ఒకటి ఉంది.

"ఇదేంటి?"

"ఇరవై ఏళ్లనాటి సరుకు. ఇప్పుడొచ్చేవన్నీ రేకు డబ్బాలు, నడీన్! థాకర్ గారని ఒక పెద్దాయన ముసలివాళ్ల అపార్ట్‌మెంటుకి మారిపోతూ అమ్మేశాడు. అక్కడ గ్రిల్లు పెట్టుకోనివ్వరట. పాపం, ఇస్తుంటే నా మొహంకేసి కూడా చూడలేకపోయాడు."

గాల్వెస్టన్‌లో సముద్రపు గాలికి ఇంటి తాళాలే రెండేళ్లకు మించి బతకవు. అలాంటి ఊళ్లో ఇరవై ఏళ్లు నిలిచిన ఇనుమంటే మామూలు విషయం కాదని వెండెల్ భోజనం చేసినంతసేపూ ఉపన్యసించాడు. "నీళ్లు మాత్రం కొట్టకు" అని థాకర్ గారు మరీ మరీ చెప్పిన సంగతి కూడా చెప్పాడు. చెప్పి, మర్నాడు పొద్దున్నే పైపు పెట్టి ఫుల్ ప్రెషర్‌లో నీళ్లు కొట్టాడు.

జిడ్డు పోయింది. జిడ్డుతోపాటు ఎడమవైపు అడుగు కూడా కొంత పోయింది. తల వంచి చూస్తే గ్రిల్లులోంచి పచ్చిక కనిపించింది.

వెండెల్ బుర్ర చురుగ్గా పనిచేసే రకం, ముఖ్యంగా అక్కర్లేని చోట. నడీన్‌కి తెలియకుండా వంటింట్లోంచి ఆవిడ బిస్కెట్లు కాల్చే ట్రే తెచ్చి కిందినుంచి మరలు బిగించాడు. పైన నల్లరంగు కొట్టాడు. వేడికి ఆగే రంగు షాపులో లేదు కాబట్టి గేట్లకు వేసేది కొట్టాడు. సాయంత్రం నడీన్ ట్రే కోసం వెతుకుతుంటే, పక్కింటి ఓపల్ తీసుకెళ్లిందన్నాడు. నడీన్ వెళ్లి అడిగింది. ఓపల్ తీసుకోలేదంది. రెండిళ్ల మధ్యా పన్నెండేళ్ల స్నేహం పది నిమిషాల్లో ముగిసింది.

మంగళవారం థాకర్ గారు దిగాడు. "ఊరికే, చూసిపోదామని. గ్రిల్లెలా ఉంది బాబూ?"

నీళ్లు కొట్టిన సంగతి పసిగట్టడానికే వచ్చాడనుకుని వెండెల్ దారికి అడ్డంగా నిలబడ్డాడు. "అటు వెళ్లకండి సార్, కందిరీగలు గూడు పెట్టాయి!"

గురువారం ఆయన కందిరీగల మందుతో వచ్చాడు.

"అయ్యో, ఇప్పుడిక్కడ లేదండీ. మా అన్నయ్య పట్టుకెళ్లాడు."

ముసలాయన మొహం పాలిపోయింది. "అన్నగారింట్లో చిన్నపిల్లలున్నారా? వెలిగించారా దాన్ని?"

పిల్లలు గీతలు గీస్తారని బెంగ కాబోలు, ఏం ప్రేమరా బాబూ, అనుకున్నాడు వెండెల్. అంతలో నడీన్ బయటికొచ్చింది.

"ఎవరి అన్నయ్య? ఈయన ఒక్కడే కొడుకండీ. గ్రిల్లు వెనకాలే ఉంది. ఆదివారం మావాళ్లు పద్నాలుగుమంది భోజనానికొస్తున్నారు, మొదటిసారి వెలిగిస్తాం. మీరూ తప్పకుండా రావాలి."

థాకర్ గారు వస్తానన్నాడు. రేపే ఆస్పత్రిలో చేరమంటే చేరతాననే మనిషిలా అన్నాడు.

ఆదివారం ఆయన కుర్చీ వేసినా కూర్చోలేదు. నీళ్ల పైపు చేత్తో పట్టుకుని గ్రిల్లు పక్కనే నిలబడ్డాడు. రెండో పక్క వెండెల్ నిలబడ్డాడు. పద్నాలుగుమంది చూస్తుండగా నడీన్ మంట పెట్టింది. గేటు రంగు కాలి నల్లటి పొగ లేచింది. "మసాలా వాసన బాగుంది" అన్నాడు నడీన్ వాళ్ల మావయ్య. నడీన్ కోడి ముక్కల పళ్లెం ఎత్తింది.

"ఆగు!" అని వెండెల్, "ఆగమ్మా!" అని థాకర్ గారు ఒకేసారి అరిచారు.

గ్రిల్లు అడుగు సరిగ్గా అప్పుడే ఊడిపడింది. ఎడమవైపునుంచి బిస్కెట్ల ట్రే పడింది. కుడివైపునుంచి ఒక బండి నంబర్ ప్లేటు పడింది. వెండెల్ గబుక్కున గ్యాస్ కట్టేశాడు.

నడీన్ ట్రేని చూసింది. "ఓపల్‌ని మొహమ్మీదే దొంగన్నాను."

వెండెల్ నంబర్ ప్లేటును చూశాడు. "ఇది నేను పెట్టలేదు."

"నాది" అన్నాడు థాకర్ గారు. "నా పాత ట్రక్కుది. అడుగు ఊడి మూడేళ్లయింది. పైన రంగేసి నీకంటగట్టాను బాబూ. ఆ రోజునుంచీ ముద్ద దిగితే ఒట్టు. వెనక్కి తీసుకుందామనే వచ్చాను రెండుసార్లూ. నువ్వేమో కందిరీగలంటావు, అన్నయ్యంటావు!" అంటూ వెండెల్ ఇచ్చిన మూడు వందల డాలర్లూ జేబులోంచి తీసి చేయి చాచాడు.

వెండెల్ ఆ నోట్ల వంక చూశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని గ్రిల్లులోకి తొంగిచూశాడు.

"డబ్బులుండనివ్వండి సార్. దీనికి కొత్త అడుగు దొరుకుతుందా?"

ముసలాయన కళ్లు మెరిశాయి. "బోమాంట్‌లో ఒకాయన చేసిస్తాడు. కానీ ముందు ఆ కాళ్లు చూడాలి బాబూ, అవి కూడా అంత బాలేవు." అంటూ ఆయనా పక్కన చతికిలబడ్డాడు.

నడీన్ పళ్లెం పట్టుకుని లోపలికి వెళ్లి, పొయ్యి మీద పెనం పెట్టి, ఇరవై నిమిషాల్లో పద్నాలుగుమందికి వడ్డించింది. ఆ పొయ్యి కొని పదకొండేళ్లయింది. దాని గొప్పతనం గురించి ఇంతవరకు ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.