బుచ్చిబాబుకు జమానతు

ఆ పొద్దున బాలరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, ఉప్మా తిని, షేర్ల బజారు తెరిచేలోపు కంప్యూటర్లో పద్మశ్రీ అనే ఆడమనిషిని పుట్టించాలి. అంతే.

బాలరాజు నాచారంలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర టైమాఫీసులో ఏళ్లకేళ్లు పనిచేసి, కాస్త ముందే రిటైరై, ఉప్పల్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. అప్పటికింకా తెలంగాణ రాలేదు, ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేవలేదు. ఇంటర్నెట్ మాత్రం ఇంటింటికీ వచ్చేసింది. అతనూ, రైల్వేలో రిటైరైన గోదావరి మనిషి బుచ్చిబాబూ కలిసి అందులో ‘షేర్ బైఠక్’ అని ఒక చర్చావేదిక పెట్టారు. షేర్లు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ అక్కడ చేరి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటూ మంచిచెడ్డలు చెప్పుకునేవారు. బాలరాజు ఇంటి ముందుగదిలో కంప్యూటరు ఒకటే, కుర్చీలు రెండు. బాలరాజు టైపు కొట్టేవాడు, బుచ్చిబాబు పక్కన కూర్చుని నవ్వేవాడు. ఒకరినొకరు బావా అనుకునేవారు. ఆ నవ్వు వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినపడేదంటే మీరు నమ్మాలి.

జనం పెరిగేకొద్దీ బైఠక్‌లో చెత్త పెరిగింది. పొద్దున లేస్తే దేవుళ్ల బొమ్మలు, గుడ్ మార్నింగులు, ‘ఈ షేరు రేపు రాకెట్టే’ అనే గాలిమాటలు. ఒకరి గాలిమాట విని ఇంకొకరి ఇల్లు మునగకూడదని బాలరాజు ఫ్యాక్టరీ పద్ధతిలో గేటు పెట్టాడు. షేర్ల మాట తప్ప వేరే మాట రాయకూడదు. కారణం చెప్పకుండా కొనమనకూడదు. ఒక మనిషికి ఒకే పేరు. తప్పితే గేటు బయటికే. బయటికి పోయినవాడు మళ్లీ రావాలంటే, మంచి పేరున్న సభ్యుడొకడు ‘వీడికి నాది పూచీ’ అని జమానతు నిలబడాలి. లోపలికొచ్చి వాడు మళ్లీ తప్పు చేస్తే జమానతు ఇచ్చినవాడు కూడా వాడితోపాటే బయటికి. ఫ్యాక్టరీలో అలాగే ఉండేది మరి.

ఊళ్లో ఆంధ్రా తెలంగాణ అంటూ ఎంత లొల్లి నడుస్తున్నా, వీళ్లిద్దరికీ తెగింది దాని వల్ల కాదు, గోంగూర వల్ల. బజారు ధబాలున పడిపోయి అందరూ తలలు పట్టుకున్న రోజున, స్టీలు షేర్ల చర్చ నడుమ బుచ్చిబాబు ఆ ఏడు గోంగూర నిల్వపచ్చడి ఎలా పెట్టారో తీరిగ్గా రాశాడు. తీసెయ్యమంటే తీయలేదు. “నష్టపోయి కూర్చున్నవాడికి నాలుగు ముద్దల సంగతి చెబితే తప్పేంటి బావా?” అన్నాడు. బాలరాజు ఆ మాట తీసేసి, మనిషిని కూడా గేటు బయట పెట్టాడు. బుచ్చిబాబు స్కూటరెక్కి నాచారంలో తన ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ ఈ వీధి మొహం చూడలేదు.

ఆనాటి నుంచి బైఠక్ అద్దంలా ఉంది. బాలరాజుకే, బయట ఏ స్కూటరు చప్పుడైనా చెయ్యి కీబోర్డు మీద ఆగిపోతోంది.

“ఆ కుర్చీ మీద మడతబెట్టిన బట్టలు పెడ్త. ఎట్లనూ ఎవరు కూసుంటలేరు,” అంది భార్య ఉప్పలమ్మ.

“ముట్టకు. ఉండనీ.”

“గంత పాణం గుంజితే ఒక్క ఫోన్ జెయ్యరాదు?”

“గేటు మూసింది నేనాయె. నేనే పిలిస్తే రేపు రూల్ ఎవడింటడు?”

“మూసినోడే తీస్తడయ్యా, ఏ తలుపైనా,” అని ఆమె బట్టల మూట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

జమానతు నిలబడడానికి సభ్యులెవరూ ముందుకు రాలేదు. బుచ్చిబాబు మళ్లీ గోంగూర ఎత్తితే తామూ పోతామని భయం. అందుకే బాలరాజు పద్మశ్రీని పుట్టించాడు. బోడుప్పల్‌లో ఉండే గృహిణి, షేర్లంటే ఇష్టం. నాలుగు మంచి మాటలు రాసి పేరు తెచ్చుకుంటుంది, బుచ్చిబాబుకు జమానతు నిలబడుతుంది, తర్వాత ఎటో వెళ్లిపోతుంది. నియమం చెడదు, మనిషి తిరిగొస్తాడు.

పద్మశ్రీ వచ్చీ రాగానే పేరు తెచ్చుకుంది. చెంగిచెర్ల మొగిలయ్య ఒక షేరులో దెబ్బ తిని ఏడుపు మొహంతో రాస్తే, ఆమె, “అన్నా, పొద్దున్నుంచి ఏమన్న తిన్నరా? ముందు ఇంత ఉప్మా తినండి. ఆ షేరు సంగతి నిదానంగా చూద్దాం,” అని రాసింది. రాశాక బాలరాజు తన వేళ్లనే అనుమానంగా చూసుకున్నాడు.

సైన్సు సంస్థలో పనిచేసి రిటైరైన సుబ్రహ్మణ్యం వెంటనే పట్టుకున్నాడు. “అడ్మిన్ గారూ, గోంగూరకు ఒక న్యాయం, ఉప్మాకు ఒక న్యాయమా?”

చేసేదేముంది? బాలరాజు అడ్మిన్‌గా వచ్చి పద్మశ్రీ మాట తీసేసి, ‘ఇది వంటిల్లు కాదు’ అని ఆమెను గట్టిగా హెచ్చరించాడు. అంతే, బైఠక్ అంటుకుంది.

“ఆడబిడ్డను గట్ల అంటరా?” అని మొగిలయ్య. “అడ్మిన్ గారికి మాట మర్యాద తెలియదు,” అని మళ్లీ ఆ సుబ్రహ్మణ్యమే. తనను తానే తిట్టుకున్నందుకు ఊరందరి చేతా తిట్లు తిన్నవాడు భూమ్మీద బాలరాజు ఒక్కడే అయి ఉంటాడు. గొడవ చల్లార్చడానికి మళ్లీ పద్మశ్రీయే రావలసివచ్చింది. “అడ్మిన్ గారు మంచివారే. పనిలో కఠినం, అంతే,” అని రాసింది.

“చూశారా ఆమె సంస్కారం!” అన్నారందరూ. “గేటు తాళం ఆమెకే ఇచ్చేద్దాం,” అని కూడా ఎవరో అన్నారు.

ఇంక ఆలస్యం చేస్తే తన ఉద్యోగం తన చేతిలోనే ఊడేలా ఉందని బాలరాజు జమానతు రాయడానికి కూర్చున్నాడు. నాలుగు ముక్కల్లో ముగించాలనే అనుకున్నాడు. పక్కన ఖాళీ కుర్చీ. బయట ఏదో స్కూటరు ఆగి, తనకు కాదన్నట్టు మళ్లీ కదిలిపోయింది. వేళ్లు ఎక్కడికో వెళ్లిపోయాయి. ‘బుచ్చిబాబు గారికి నేను జమానతు. ఆయన నవ్వు వినక నాకు పొద్దు గడవడం లేదు. నవ్వితే తల వెనక్కి పోయి, చెయ్యి వచ్చి పక్కవాళ్ల భుజం మీద పడుతుంది. అలాంటి మనిషి లేని బైఠక్ ఎంత శుభ్రంగా ఉంటే ఏం లాభం?’ రాసింది పద్మశ్రీ పేరుతోనన్న సంగతి, పంపేశాక గుర్తొచ్చింది.

తుడిచేద్దామనుకునేలోపే బైఠక్ మొత్తం చదివేసింది. సుబ్రహ్మణ్యం ఉండేది బుచ్చిబాబు వీధిలోనే. కూరగాయల బండి దగ్గర బుచ్చిబాబు భార్య అనంతలక్ష్మి వంకాయలు ఏరుకుంటుంటే, “ఏమీ అనుకోకండమ్మా,” అని మొదలుపెట్టి, అంతా అనుకునేలా చెప్పాడు.

వంకాయల సంచీతోనే ఆమె ఆటో ఎక్కింది. మొగుణ్ని కూడా ఎక్కించింది.

“అన్నయ్యగారూ, ఎవరండీ ఈ పద్మశ్రీ?” అంటూ ముందుగదిలోకి వచ్చింది. “మీ గేటు దాటి వచ్చిన మనిషేగా! ఇల్లెక్కడో చెప్పండి, ఇప్పుడే వెళ్లి పలకరించి వస్తాను.”

బుచ్చిబాబు వీధి గుమ్మం బయటే నిలబడ్డాడు.

“లోపటికి రా అన్నా, ఎండల నిలవడ్డవేంది?” అంది ఉప్పలమ్మ.

“నన్ను బయట పెట్టారు కదమ్మా. జమానతు లేకుండా ఎలా వస్తాను?”

“నీకిప్పుడు జమానతు కావలసివచ్చిందా!” అని అనంతలక్ష్మి వెనక్కి తిరిగి ఉరిమింది. “పెళ్లయిననాటి నుంచీ వింటున్నాను, ఈయన నవ్వు నాకు తలనొప్పి తప్ప ఏమీ కాలేదు. ఆవిడకు మాత్రం పొద్దు గడవడం లేదట! చెయ్యి భుజం మీద పడుతుందట! ఎవరి భుజమండీ అది, అన్నయ్యగారూ? ఎవరి భుజం?”

బుచ్చిబాబు ముఖం పాలిపోయింది. ఏ తప్పూ చేయని మనిషి, ఏ తప్పు ఒప్పుకోవాలా అని వెతుక్కుంటున్నాడు. బాలరాజు నిజం ఒప్పుకుంటే తన బైఠక్ పోతుంది, ఊరుకుంటే బావ కాపురం పోతుంది. బాలరాజు చొక్కా కింద ఎడమ భుజం తడుముకున్నాడు.

“నాదే చెల్లె,” అన్నాడు.

ఉప్పలమ్మ మొదట నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఎందుకో కొంగుతో కళ్లొత్తుకుంది. అనంతలక్ష్మి సంచీ కింద పెట్టి, “ఈమాత్రం దానికి ఆడపేరెందుకండీ? ఫోను చేస్తే సరిపోయేది కదా,” అంది.

బాలరాజు కూర్చుని, ఉన్నదున్నట్టు బైఠక్‌లో రాసేశాడు. పద్మశ్రీ తానేనన్నాడు. లేని మనిషి ఇచ్చిన జమానతు చెల్లదన్నాడు సుబ్రహ్మణ్యం. “అయితే నేను నిలవడ్త,” అన్నాడు మొగిలయ్య. “బుచ్చన్న గోంగూర గురించి రాసిన నాడే నేను కడుపునిండ తిన్న.” ఆ వెనకే అందరూ వరసకట్టారు. నియమం తప్పిన బాలరాజు పోగా బైఠక్ పెట్టిన ఇద్దరిలో మిగిలింది ఆయనొక్కడే కాబట్టి గేటు తాళం కూడా బుచ్చిబాబుకే ఇమ్మన్నారు.

అలా బుచ్చిబాబు లోపలికొచ్చి టైపు కొట్టే కుర్చీలో కూర్చున్నాడు. బాలరాజు ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

“మొదటి పని ఏంటి బావా?”

“ఒక మనిషికి ఒకటే పేరు. తప్పినోడు బయటికి. నొక్కు.”

“నొక్కలేను.”

“నొక్కు బావా. నీకు జేసినప్పుడు నా చెయ్యాగలే. అదే రూల్ నాకు గూడ.”

బుచ్చిబాబు కళ్లు మూసుకుని నొక్కాడు.

ఇప్పుడు రోజూ పొద్దున స్కూటరు వచ్చి ఉప్పల్‌లో ఆ ఇంటి ముందే ఆగుతుంది. ఏ మాట ఉంచాలి, ఏ మాట తీయాలి అని బుచ్చిబాబు అడుగుతాడు, పక్క కుర్చీలోంచి బాలరాజు చెబుతాడు, ఉప్పలమ్మ పోసిన టీ చల్లారిపోతుంది. బాలరాజుకు జమానతు నిలబడతానని మొగిలయ్య అప్పుడే చాలాసార్లు అర్జీ పెట్టాడు. పక్క కుర్చీ వైపు ఓసారి చూసి బుచ్చిబాబు ప్రతి అర్జీనీ తిప్పి పంపేస్తున్నాడు. చర్చల నాణ్యత దెబ్బతింటుందని కారణం రాస్తున్నాడు.