పది గంటల లోపు ఒక్క మార్పు

పది గంటలకు ఇంజనీరు వస్తాడు. చదరంగం ప్రోగ్రాములు రాసి బతికే కంపెనీ ఆయనది. మన లైబ్రరీ గుమాస్తా ఇంట్లో కూర్చుని నాలుగేళ్ళుగా రాసుకున్న ప్రోగ్రాం వాళ్ళదాని ముందు కాస్త నిలబడితే చాలు, ఉద్యోగం ఖాయం. పుస్తకాల మీద ముద్రలు కొట్టే పనికి ఇక సెలవు. పొద్దున్న చెయ్యవలసిందల్లా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఊరికే కూర్చోవడం. అతనికి అదొక్కటే చేతకాలేదు.

తన ప్రోగ్రాం రాజును మూలకు చేర్చడానికి బద్ధకిస్తోందని ఏడింటికి అనుమానమొచ్చింది.

"ఇవాళ దాన్ని ముట్టుకోకండి," అంది భార్య.

"ఒక్క లైనే," అన్నాడతను.

మార్చాక రాజు మూలకు పరుగెత్తాడు, నిజమే. కాపలాకని గుర్రాలూ ఏనుగులూ వెంటపడి అక్కడే ఇరుక్కున్నాయి. వాటిని విడదీస్తే బంట్లు కదలడం మానేశాయి. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. తొమ్మిదిన్నరకి ఎక్కడో కూడిక కాస్తా తీసివేత అయి కూర్చుంది. ఎక్కడన్నది అతనికే తెలియదు. ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోయాడు మరి.

ఇంజనీరు వచ్చాడు, ఆట మొదలైంది. గుమాస్తాగారి ప్రోగ్రాం ముందు శకటును వదులుకుంది. ఏదో పన్నాగం కాబోలని ఇంజనీరు ముందుకు వంగాడు. ఏనుగును వదులుకుంది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. మంత్రిని కూడా అప్పగించేసరికి గౌరవంగా లేచి నిలబడ్డాడు. పద్నాలుగో ఎత్తుకి ఆట కట్టు. అది ఓడిపోవడానికే అంత శ్రద్ధగా ఆడిందని అప్పుడు ఇద్దరికీ అర్థమైంది. గుమాస్తాకి ఏడుపొక్కటే తక్కువ.

ఆయన సంచి సర్దుకుంటుంటే భార్య లోపల్నుంచి తన లాప్‌టాప్ తెచ్చి, ఇంకొక్క ఆట చూడమంది. ఈసారి ఎనభై ఎత్తులు నడిచినా ఎవరూ గెలవలేదు. డ్రా అయింది.

"ఇదెవరు రాశారమ్మా?" అన్నాడు ఇంజనీరు.

"ఈయనేనండి, మూడు నెలల కిందట. ఈయన లైబ్రరీకి వెళ్ళాక ప్రతి మార్పునీ ఇందులోకి కాపీ చేసుకుని, పాతదానితో వెయ్యి ఆటలు ఆడించి చూస్తుంటాను. ఆ తర్వాత చేసిన నలభై మార్పుల్లో ఒక్కటీ నెగ్గలేదు. చెబితే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను."

ఇంజనీరు సంచి కింద పెట్టేశాడు. రాయడం చాలామందికి వచ్చుననీ, రాసినదాన్ని నమ్మకుండా ఉండడమే తమ వృత్తి అనీ చెప్పి, ఉద్యోగం ఆవిడకిచ్చాడు. ముందు గుమాస్తా ముఖం మాడిపోయింది. తర్వాత, తన ప్రోగ్రాం డ్రా చేసిందన్న సంగతి తలకెక్కి, పట్టలేక నవ్వేశాడు.

మీవారిని కూడా తీసుకోమంటారా అని ఇంజనీరు మర్యాదకి అడిగాడు. పన్నెండేళ్ళుగా చూస్తున్నాను గానీ, ఇప్పుడే ఏమీ చెప్పలేనంది ఆవిడ.